దున్న కుడికే పడుతుంది

చిన్నక్క అరచేతిలో రెండు చెవుల గ్యాస్కెట్, సగం దించిన షట్టర్ కింద మెరిసే నల్లబూట్లు. పోయినవారం అక్కడ ఆగాం. అలాంటి చోట ఆపినందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళు తిట్టుకునే ఉంటారు. ఆ తిట్లు నాకు కొత్త కాదు. ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది క్లుప్తంగా చెప్పేస్తాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ఈ మెకానిక్ షెడ్డు మేస్త్రిది. మేస్త్రికి ఇద్దరు కూతుళ్ళు, ఆ తర్వాత ఒక్కగానొక్క కొడుకు. చాలా ఏళ్ళ కిందట ఒక సాయంత్రం, ఎవరిదో భారీ కారుకు ఇంజన్ పని ముగించి మేస్త్రి చేతులు కడుక్కుంటుంటే, ఎవరో ఆ కారెక్కి స్టార్ట్ చేశారు. మేస్త్రి వీధిలోకి పరిగెత్తి కారుకు అడ్డంగా నిలబడ్డాడు. కారు ఆగలేదు. దొంగలూ దొరకలేదు, కారూ దొరకలేదు. పెద్దక్కకు అప్పటికే పెళ్ళయింది కాబట్టి షెడ్డూ, మీసం మొలవని తమ్ముడూ చిన్నక్క నెత్తిన పడ్డారు. నాన్నను గుద్దినవాడెవడో తెలుసుకోకుండా చావనని ఆమె ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు సంగతి ఎవరికీ చెప్పలేదు, మర్చిపోనూ లేదు.

ఇక దున్న. కారు ఇంజన్‌ని మోటార్‌సైకిలుకు బిగిస్తానని తమ్ముడు అన్నప్పుడు, దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుందిరా నీ కథ అని వీధి వీధంతా నవ్వింది. వాడు పంతం పట్టి నిజంగానే ఈనించాడు. ఎనిమిది సిలిండర్ల ఇంజన్, దాని ముందు కారు రేడియేటర్, దాని వెనక కారు గేర్‌బాక్సు, అన్నీ లావుపాటి గొట్టాల ఫ్రేములో ఇరికించి రెండు చక్రాల మీద నిలబెట్టాడు. ఇంజన్ ఎక్కడిదిరా అంటే బావ తుక్కు షాపులో దొరికిందన్నాడు. నవ్విన వీధే దానికి దున్న అని పేరు పెట్టింది. నలుగురు కలిసి తోసినా కదలదు. స్టార్ట్ చేసి నడిపించుకుపోవాల్సిందే.

దానికి రెండు చెడ్డగుణాలున్నాయి. గేర్‌బాక్సు ఆటోమేటిక్ కాబట్టి క్లచ్ లేదు. మామూలు మోటార్‌సైకిలుకు ఎడమచేతి కింద క్లచ్ ఉండే చోట, తమ్ముడు వెనక చక్రం బ్రేకు పెట్టాడు. రెండోది, నిలబెట్టి యాక్సిలరేటర్ తిప్పితే లోపల తిరిగే బరువు బండిని కుడివైపుకు తోసేస్తుంది. అది తెలిసినవాళ్ళు ముందే ఎడమకు ఒరిగి కూర్చుంటారు. ఇప్పటిదాకా తెలిసినవాళ్ళు ఇద్దరే, చిన్నక్కా తమ్ముడూ.

ఇవాళ సెలవురోజు. వీధిలో అన్ని షాపులూ మూసున్నాయి. తమ్ముడు పెట్రోలు కోసం వెళ్ళాడు. ఇంజన్ పైమూత దగ్గర నూనె కారుతోందని చిన్నక్క ఎప్పటినుంచో చూస్తోంది. "ఇంజన్ జోలికి మాత్రం పోకక్కా, బంగారంలా ఉంది, కదిలిస్తే పాడవుద్ది" అని వాడు ఎన్నిసార్లు మొత్తుకున్నాడో. బద్ధకంతో అంటున్నాడనుకుని, వాడు లేని సమయం చూసి ఆమె మూత విప్పింది. మూత కింద నూనె కారకుండా వేసే గ్యాస్కెట్ ఉంది. దానికి రెండు చెవులున్నాయి.

మేస్త్రి గ్యాస్కెట్లు కొనేవాడు కాదు, దళసరి అట్టతో తనే కత్తిరించేవాడు. లోపలి అంచున ఒక మూల చిన్న చెవి వదిలేవాడు. మళ్ళీ విప్పేవాడికి పట్టుకుని లాగడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అనేవాడు. ఆ ఆఖరి సాయంత్రం మొదటిసారి కూతురి చేతికి కత్తెర ఇచ్చాడు. కంగారులో ఆమె రెండు మూలలా రెండు చెవులు వదిలింది. "రెండు చెవులెందుకే, గాడిదకా?" అని నవ్వి, దాన్నే ఆ భారీ కారు ఇంజన్‌లో వేసి మూత బిగించాడు. "నువ్వు ఇంటికి పద, నేను వెనకే వస్తా" అన్నాడు. రాలేదు. ఆ గాడిద మాట తలుచుకుంటే ఏడుపొస్తుందని ఆమె ఎవరికీ చెప్పలేదు, ట్యూషన్ నుంచి ఏడుస్తూ పరిగెత్తుకొచ్చిన తమ్ముడికి కూడా చెప్పలేదు.

అంటే నాన్నను చంపిన కారు గుండెకాయ ఈ షెడ్డులోనే, ఆమె కళ్ళ ముందే ఇన్నాళ్ళూ గుడగుడలాడుతోందన్నమాట. అది బావ తుక్కు షాపు నుంచి వచ్చిందన్నమాట. ఆ కోపంలో ఆమె ఒక తెలివితక్కువ పని చేసింది. పెద్దక్కకు ఫోన్ చేసి, ఇంజన్ విప్పాను, ఇది ఎక్కడిదో మీ ఆయనకేమైనా తెలుసా అని అడిగింది. పెద్దక్క నోట్లో నువ్వుగింజ నానదు. ఫోన్ పెట్టేశాక చిన్నక్కకు బుద్ధొచ్చి, గ్యాస్కెట్ లేకుండానే మూత పెట్టి, బండిని ఎక్కడికైనా దాచేద్దామని స్టార్ట్ చేసింది. పైపులు కాలి ఎర్రబడుతున్నాయి, మూత సందులోంచి నూనె కారి బండి కుడిపక్కన గచ్చు మీద మడుగు కడుతోంది. అదిగో అప్పుడే షట్టర్ కింద బూట్లు కనిపించాయి.

ఆమె ఇంజన్ ఆపి, గ్యాస్కెట్‌ను చొక్కా జేబులో కుక్కుకుంది. అది నాన్న పాత చొక్కా, జేబు లోతుగా ఉంటుంది.

బావ నడుం వంచి లోపలికొచ్చాడు. అతని వెనక లారీ డ్రైవరు వచ్చాడు. మెడ ఎక్కడ మొదలై భుజం ఎక్కడ ముగుస్తుందో తెలియని లావు మనిషి. వీధిలో క్రేను లారీ ఇంజన్ కొట్టుకుంటోంది. బావ షట్టర్‌ను మోకాలెత్తు వరకు లాగి, చేతులు దులుపుకున్నాడు.

"ఏం మరదలా, సెలవురోజు కూడా పనేనా? చేతికి గాజులేసుకోమంటే గ్రీజు పూసుకుంటావ్."

"అలవాటైపోయింది బావా. ఇలా వచ్చావేంటి?"

"నా బామ్మర్ది చేసిన బండి నేను చూసుకోకూడదా?"

బావ పాత కార్లు కోసి తూకానికి అమ్ముతాడు. కుర్రతనంలో మోటార్‌సైకిల్ పందేల్లో గెలిచాడు. ఆ సంగతి పెళ్ళిచూపుల్లో చెప్పుకున్నాడు, బారసాలలో చెప్పుకున్నాడు, ఎవరిదో దినం భోజనాల్లో కూడా చెప్పుకున్నాడు. ఇప్పుడు పొట్ట ముందుకొచ్చినా చేతులు మాత్రం ఇనుము కోసే చేతులే. అతను దున్న చుట్టూ ఒకసారి తిరిగి, కారుతున్న నూనెను వేలితో తీసి వాసన చూశాడు.

"విప్పావా?"

"నూనె కారుతుంటే విప్పక ఏం చేస్తాం?"

"బండిని నేను తీసుకెళ్తున్నా. లారీ బయటుంది."

"బండి తమ్ముడిది. వాడొచ్చాక మాట్లాడు."

"వాడు రాకముందే మాట్లాడాలనే వచ్చా" అన్నాడు బావ.

చిన్నక్క షట్టర్ వైపు చూసింది. తమ్ముడు వచ్చే వేళయింది. రెండు చేతుల్లో పెట్రోలు డబ్బాలతో, ఈలేసుకుంటూ, వంగి షట్టర్ కింద నుంచి దూరతాడు. తల ముందు లోపలికొస్తుంది. ఆ తల మీద ఈ లావు మనిషి ఏం వేస్తాడో? అయినా అడగాల్సింది అడగకుండా ఆమె బతకలేదు.

"ఈ ఇంజన్ ఏ కారుదో నాకు తెలుసు బావా."

"ఏ కారుదైతే ఏంటే? ఎవడో దొంగవెధవలు అమ్ముకుపోతే మాకేం తెలుస్తది?"

"దొంగల మాట నేనెత్తలేదే."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. బావ డ్రైవరు వైపు చూశాడు. ఆ చూపు చాలు చిన్నక్కకు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆమె మాత్రం పట్టేసింది.

"నాన్నను గుద్దింది నువ్వే కదూ?"

చెంపదెబ్బ ఎటునుంచి వచ్చిందో ఆమె చూడలేదు. లేత్ మిషను అంచుకు భుజం కొట్టుకుని పడింది. నోట్లో ఉప్పగా తగిలింది. పడ్డచోటే చేతికి పెద్ద పానా దొరికింది. లేస్తూనే దాన్ని బావ మోచేతి మీద వేసింది. అతను బూతు మాట అరిచి వెనక్కి తూలాడు. రెండోసారి ఎత్తిన పానా దిగకముందే డ్రైవరు వెనకనుంచి వచ్చి ఆమె మెడ చుట్టూ చెయ్యి బిగించాడు. ఆమె మడమతో అతని పాదం మీద తొక్కింది, మోచేత్తో డొక్కలో పొడిచింది, ఆఖరికి ముంజేతిని కసుక్కున కొరికింది. అతను గావుకేక పెట్టాడు గానీ పట్టు వదల్లేదు. ఊపిరాడక ఆమె వేళ్ళలోంచి పానా జారిపోయింది.

"ఎవరికి చెప్పావే?" అన్నాడు బావ, మోచెయ్యి పట్టుకుని వగరుస్తూ.

"చెప్పను."

బల్లకు బిగించిన వైస్ ఉంది, ఇనపముక్కల్ని కదలకుండా పట్టుకునే దవడల జత. బావ ఆమె ఎడమచెయ్యి లాగి, వేళ్ళను ఆ దవడల మధ్య పెట్టి, పిడి తిప్పాడు. మొదట ఒత్తుకుంది. తర్వాత నొప్పి పుట్టింది. పిడి ఇంకో చుట్టు తిరిగేసరికి చూపుడువేలు లోపల ఏదో పటుక్కుమంది. అరవకూడదని పళ్ళు బిగించింది. కానీ అరుపు ముక్కులోంచి వచ్చేసింది.

"పెద్దక్కకు ఫోన్ చేశావు, అది నాకు తెలుసు. ఇంకెవరికి? తమ్ముడికి చెప్పావా? నీకు తెలిసిపోయిందని వాడికి తెలుసా?"

"వాడికేం తెలీదు!" చిన్నక్క గొంతు చీలిపోయింది. "వాడికి ఈ ఇంజన్ సంగతేం తెలీదు బావా. వాడు చిన్నపిల్లాడు. వాణ్ణి వదిలెయ్, నన్నేం చేసుకుంటావో చేసుకో."

బావ ఆమె మొహంలోకి చూసి నవ్వాడు. నొప్పిలో కూడా ఆ నవ్వు ఆమెకు వింతగా తోచింది. గెలిచినవాడి నవ్వులా లేదది. ఎవరిమీదో జాలిపడే మనిషి నవ్వులా ఉంది.

అతను మళ్ళీ పిడి మీద చెయ్యి వేశాడు. ఉంగరపు వేలు కూడా విరిగింది. దవడల సందులోంచి రక్తం బొట్లుబొట్లుగా బల్ల మీద పడింది. మెడ పట్టుకున్న డ్రైవరు చెయ్యి నెమ్మదిగా వదులైంది.

"అన్నా, సామాను ఎత్తాలన్నావు గానీ ఇదేంటన్నా? ఆడమనిషి వేళ్ళు విరగ్గొడతావా?"

"నోర్మూసుకుని పట్టుకో."

"నాకూ ఇద్దరు చెల్లెళ్ళున్నారన్నా. నావల్ల కాదు" అని డ్రైవరు కొరికించుకున్న చెయ్యి చొక్కాకు తుడుచుకుంటూ షట్టర్ కింద నుంచి పాక్కుంటూ పోయాడు. క్రేను లారీ కదిలి, వీధి మలుపు తిరిగి, చప్పుడు దూరమైంది. అంత లావు మనిషికి అంత మెత్తటి మనసుంటుందని బావ అనుకోలేదు పాపం.

అతను వీధిలోకి తొంగిచూసి బండబూతులు తిట్టాడు. తర్వాత షట్టర్‌ను పూర్తిగా పైకి నెట్టి దున్న వైపు తిరిగాడు. లారీ లేకపోతే ఏం, అది చక్రాలున్న వస్తువేగా. తాళంచెవి దానికే వేలాడుతోంది.

"చూడవే మరదలా. మీ తమ్ముడు చేశాడని మీరు దీన్నేదో రాక్షసిలా చూస్తున్నారు. బండి ఎలా ఎక్కాలో నేను చూపిస్తా."

అతను ఎక్కి కూర్చున్నాడు. స్టార్ట్ చేశాడు. దున్న ఒళ్ళు విదిలించుకుని లేచింది, గోడకు వేలాడేసిన పానాలన్నీ గలగలలాడాయి. బూటుతో స్టాండు తన్నాడు. కుడికాలు గచ్చు మీద, సరిగ్గా నూనె మడుగులో ఆనించాడు. ఎడమచేతి కింది లివరు గట్టిగా నొక్కిపట్టి, గేరు వేశాడు. పందేలు గెలిచిన చెయ్యి కదా, క్లచ్ ఎక్కడుంటుందో దానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

బావా, అది క్లచ్ కాదు. ఆ నాలుగు మాటలు చిన్నక్క నాలుక చివరిదాకా వచ్చాయి. వైస్‌లో ఇరుక్కున్న చేతిని చూసుకుంది. జేబులో గ్యాస్కెట్ గరుకుగా గుండెకు తగులుతోంది. ఆ నాలుగు మాటలూ మింగేసింది. ఆమె తప్పు చేసిందో ఒప్పు చేసిందో మీరే చెప్పండి, నేను మాత్రం ఆ క్షణంలో ఆమె పక్షమే.

బావ యాక్సిలరేటర్ ఆసాంతం తిప్పాడు.

వెనక చక్రం బ్రేకు పట్టులో ఉంది, ముందుకు పోలేదు. ఎనిమిది సిలిండర్ల బలం ఎటో ఒకవైపు పోవాలి కదా. దున్న కుడికి కొమ్ము విసిరింది. బావ కుడిబూటు నూనెలో సర్రున జారింది. అంత బరువూ అతని కాలిమీదికి, తుంటిమీదికి ఒక్కసారిగా వచ్చి పడింది. తొడ ఎముక విరిగిన చప్పుడు ఇంజన్ మోతలోనూ వినిపించింది. లివరు మీద చెయ్యి వదిలేసరికి చక్రం పట్టు తప్పించుకుని గచ్చును గీకుతూ తిరగడం మొదలుపెట్టింది, అతన్ని బండితో పాటే గోడవైపు ఈడ్చుకుపోయింది. గోడకు తల కొట్టుకుంది. ఇంకా చల్లారని పైపు ప్యాంటు గుడ్డను కాల్చి తొడకు అతుక్కుంది. ఆ వాసన ఇంతా అంతా కాదు. బావ అరిచిన అరుపుకు ఎదురింటి మేడ మీది పావురాలన్నీ లేచిపోయాయి.

చిన్నక్క కుడిచేత్తో వైస్ పిడి వెనక్కి తిప్పి, నుజ్జయిన వేళ్ళను బయటికి లాక్కుంది. కళ్ళు బైర్లు కమ్మాయి. బల్ల పట్టుకుని నిలదొక్కుకుని, నడిచి వెళ్ళి తాళంచెవి తిప్పింది. దున్న ఆగింది. బావ ఆగలేదు.

"తియ్యవే... తియ్యి, కాలిపోతోంది..."

"తీస్తా. కారు నడిపిందెవరో చెప్పు."

షెడ్డు మధ్య దూలానికి చైన్ బ్లాక్ వేలాడుతోంది. ఆమె దాని కొక్కేన్ని దున్న ఫ్రేముకు తగిలించి, ఒంటిచేత్తో గొలుసు లాగింది. చైన్ బ్లాక్ గొలుసు ఒకవైపు లాగితే బరువు లేస్తుంది, రెండోవైపు లాగితే దిగుతుంది. లేచేటప్పుడు టకటక టకటక అని పళ్ళు కొరికినట్టు చప్పుడవుతుంది. దిగేటప్పుడు మాత్రం చప్పుడుండదు. అందుకే మేస్త్రి పిల్లలు ముగ్గురికీ చిన్నప్పుడే చెప్పాడు, కింద ఉన్నవాడు టకటక వినాలి, వినపడకపోతే ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరిగెత్తాలి అని.

టకటక. పైపు చర్మాన్ని ఊడదీసుకుంటూ లేచింది. జానెడు ఎత్తు లేవగానే బావ బయటికి పాకాల్సింది పోయి, ఫ్రేములో ఇరుక్కున్న పాదం విడిపించుకోడానికి లోపలికే వంగాడు. ఇప్పుడతని ఛాతీ ఇంజన్ కిందకొచ్చింది. పాదం మాత్రం రాలేదు.

"చెప్పు బావా. ఎవరు?"

"నేను కాదు."

చిన్నక్క రెండోవైపు గొలుసు కొంచెం లాగింది. చప్పుడు లేకుండా దున్న బెత్తెడు దిగింది. అతని కళ్ళు పెద్దవయ్యాయి.

"ఒద్దొద్దు! చెప్తా! కార్లో ఉన్నా, కాదన్ను. పక్కసీట్లో ఉన్నా. అలా ఓ చుట్టు తిప్పి తెచ్చేద్దాం బావా, నాన్న చూడడు అన్నాడు. సరదాకే అన్నాడు. స్టీరింగు వాడి చేతిలో ఉంది."

"ఎవడి చేతిలో?"

"నీ ముద్దుల తమ్ముడి చేతిలో!"

"అబద్ధం."

"మామయ్య చేతులు చాచి అడ్డమొచ్చాడు. క్లచ్ కోసం వాడి కాలు వెతికింది. ఆ కారుకు క్లచ్ ఉంటేగా! యాక్సిలరేటర్ మీది రెండోకాలు తియ్యడం మర్చిపోయాడు." బావ ఏడుస్తున్నాడు, చీమిడి మీసంలోకి కారుతోంది. "ఆ రోజు వాడూ, ఇవాళ నేనూ. ఆ ఇంజన్‌ని ముక్కలు చేసి కరిగించెయ్యరా అని వాడికే అప్పజెప్పాను. బంగారంలాంటి ఇంజన్ బావా, చెయ్యి రాలేదు అని దాచుకున్నాడు. దాచుకున్నవాడు ఊరుకోక మోటార్‌సైకిల్ చేశాడు! దీన్ని మాయం చెయ్యకపోతే ఇద్దరం పోతాం. అందుకొచ్చానే, అంతే."

"అబద్ధం! చచ్చేముందు కూడా అబద్ధాలేనా?"

బావ చూపు ఆమె భుజం మీదుగా వెనక్కి పోయింది. "అయితే వాడినే అడుగు" అన్నాడు.

షట్టర్ దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు పెట్రోలు డబ్బాలు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో, ఎంత విన్నాడో తెలియదు. డబ్బాలను నెమ్మదిగా కింద పెట్టి, షట్టర్‌ను నేలదాకా దించి లోపలికొచ్చాడు.

"అక్కా, నీ చెయ్యి..."

"ముందు చెప్పరా. అబద్ధమని చెప్పు."

"ముందు చెయ్యి ఇటివ్వక్కా." వాడు ఆమె చెయ్యి అందుకున్నాడు. జేబురుమాలు తీసి, విరిగిన వేళ్ళకు స్క్రూడ్రైవరును ఆసరాగా పెట్టి, పసిపిల్ల చేతికి కట్టినట్టు జాగ్రత్తగా కట్టాడు. ఈ పిల్లాడికి జ్వరమొస్తే రాత్రంతా తను పక్కన కూర్చున్న రోజులు ఆమెకు గుర్తొచ్చాయి. వీడు మనిషిని చంపి, ఆ కారు ఇంజన్ ముందు కూర్చుని రోజూ అన్నం తింటాడా? ఛ. బావ నోరు, కాలుతున్న నోరు, ఏదైనా అంటుంది.

ఆమె జేబులోంచి గ్యాస్కెట్ తీసి చూపించింది. "ఇది దొరికిందిరా ఇంజన్‌లో. నాన్న చేతి పని, నా చేతి పని. ఇన్నాళ్ళూ మన షెడ్డులోనే ఉంది."

తమ్ముడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. రెండు చెవుల్నీ బొటనవేలితో నిమిరాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "గాడిదకా అన్నాడు నాన్న" అన్నాడు మెల్లగా, దాన్ని మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

"తియ్యండ్రా... మీకు దండం పెడతా..." అని మూలిగాడు బావ.

"నువ్వు పక్కకెళ్ళక్కా. ఆసుపత్రికి ఫోన్ చెయ్. ఒంటిచేత్తో నీవల్ల కాదు, నేను ఎత్తుతా" అని తమ్ముడు ఆమె చేతిలోంచి గొలుసు అందుకున్నాడు.

ఆమె ఇచ్చేసింది. బావకు శిక్ష ఎలాగూ పడుతుంది, చావు మాత్రం వద్దు, పెద్దక్క మొహం చూడాలి. గోడవైపు తిరిగి, బల్ల మీది ఫోన్ తీసి, రక్తం అంటిన బొటనవేలితో అంకెలు నొక్కసాగింది. వేలు జారిపోతోంది. నొక్కుతూనే ఆ మాట చెవిలో మళ్ళీ వినిపించింది. గాడిదకా అన్నాడు నాన్న. ఆ మాట అన్నప్పుడు షెడ్డులో నాన్నా తనూ తప్ప ఎవరూ లేరు. తను ఎవరికీ చెప్పలేదు. వీడు ట్యూషన్‌లో ఉన్నాడు.

ట్యూషన్‌లో ఉన్నాడని చెప్పిందెవరు? వీడే.

ఫోన్‌లో ఎవరో హలో అంటున్నారు. చిన్నక్క వెనక్కి తిరగలేకపోయింది. ఊపిరి బిగబట్టి టకటక కోసం చెవులు రిక్కించింది. వెనకాల గొలుసు కదులుతోంది, బావ ఏదో అనబోయి సగంలో ఆగిపోయాడు. షెడ్డులో ఇంకే చప్పుడూ లేదు.